చలిలో గుర్రాల పని: వేళ్లు తెల్లబడుతుంటే ఏం చేయాలి?

పేరు ప్రచురించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె వయసు 41. ఇంట్లో రెండు గుర్రాలున్నాయి: ఒకటి 24 ఏళ్ల ఆడగుర్రం, రెండోది 9 ఏళ్ల మగగుర్రం. రెండింటినీ పిల్లలప్పటి నుంచి పెంచినది ఆమె మామగారు. 74 ఏళ్ల ఆయనకు నిరుడు మోకాలి ఆపరేషన్ జరిగింది. అప్పటి నుంచి లాయం పని మొత్తం కోడలి మీద పడింది. భర్త పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లి రాత్రికి గానీ తిరిగి రారు. వీరుండే చోట శీతాకాలంలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల దాకా పడిపోతుందట, గాలి కూడా గట్టిగా వీస్తుందట. ఆమె చీకటితోనే లేచి రెండు గంటలు, సాయంత్రం మళ్లీ ఒక గంట ఆరుబయట పని చేసి, మధ్యలో తన ఉద్యోగానికి వెళ్లివస్తున్నారు.

పని ఏ క్రమంలో సాగుతుందో, ఏం వేసుకుంటారో కూడా ఆమె వివరంగా రాశారు. అందుకు ఆమెకు కృతజ్ఞతలు, ఎందుకంటే సమస్య చాలావరకు ఆ వివరాల్లోనే ఉంది. నూలు బనియన్, దాని మీద నూలు చొక్కా, రెండు స్వెటర్లు, అన్నిటి మీదా బరువైన కోటు. కాళ్లకు రెండు జతల నూలు మేజోళ్లు, రబ్బరు బూట్లు. ముందు లద్దె ఎత్తి, తడిసిన గడ్డిని తీసి కొత్తది పరుస్తారు; ఈ పనిలో ఒళ్లంతా చెమట పడుతుంది. తరువాత బకెట్లతో నీళ్లు మోస్తారు. చివరగా రెండు గుర్రాలకూ ఒళ్లు రుద్ది, డెక్కల్లో ఇరుక్కున్న మట్టీ మంచూ తీస్తారు. ఈ చివరి పనికి వచ్చేసరికి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు కాగితంలా తెల్లబడి, స్పర్శ పోయి, బకిల్ విప్పడానికి కూడా లొంగడం లేదట. ఇంట్లోకి వచ్చి పొయ్యి మీద చేతులు కాచుకుంటే అవి నీలంగా, ఆ తరువాత ఎర్రగా మారి, భరించలేనంత మంట పుడుతోందట. ఇది పోయిన శీతాకాలంలోనే మొదలైంది. అంతకుముందు ఎన్నడూ లేదు.

మామగారు మాత్రం, పని చేసేవాడికి చలేమిటని అంటారు, చేతితొడుగులు వేసుకుంటే గుర్రం నాడి చేతికి అందదని కూడా అంటారు. ఆయన నలభై ఏళ్లు వట్టి చేతులతోనే చేశారు కాబట్టి ఆమె ఎదురు చెప్పలేకపోతున్నారు. తనకింత చలిగా ఉంటే మూగజీవాలకు ఇంకెంత చలిగా ఉంటుందోనని రెండు గుర్రాలకూ రెండేసి దుప్పట్లు కప్పి, లాయం కిటికీలన్నీ మూసేశారు. అయినా ఆడగుర్రం దుప్పటి కింద చెమటతో తడిసి కనిపించింది, నీళ్లు కూడా తగ్గించింది. ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి మరొకటి ఉంది. ఒక ఉదయం వేళ్లకు పట్టు లేక పగ్గాన్ని మణికట్టుకు చుట్టుకున్నారు. ఏదో చప్పుడుకు మగగుర్రం బెదిరి ఆమెను కొంత దూరం ఈడ్చింది. “నేను సుకుమారినా? గుర్రాలను అమ్మేద్దామంటే మామగారి ప్రాణం విలవిల్లాడుతుంది. అమ్మకపోతే నా చేతులు పనికిరాకుండా పోయేలా ఉన్నాయి. ఏం చేయమంటారు?” అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు సమస్యలు ఒకే ముడిగా పడి ఉన్నాయి: మీ వేళ్లది, మీ బట్టలూ పని క్రమానిది, గుర్రాల చలిది, ఇంట్లో నోరు విప్పలేకపోవడానిది. వీటిలో వేళ్ల సంగతి ఆగేది కాదు కాబట్టి దానితో మొదలుపెడతాను.

చలికి చేతులు చల్లబడటం వేరు, వేళ్లు గీత గీసినట్టు ఒక హద్దు దాకా తెల్లబడి, తరువాత నీలంగా, ఆపై ఎర్రగా మారడం వేరు. మీరు రాసిన మూడు రంగుల వరుసను ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో వర్ణించారు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే రేనో లక్షణం అంటారు. చలి తగలగానే వేళ్లలోని సన్నటి రక్తనాళాలు అవసరానికి మించి బిగుసుకుపోవడమే ఇది. ఎక్కువమందిలో ఇది ఏ జబ్బుతోనూ సంబంధం లేకుండా చిన్న వయసులోనే, ముఖ్యంగా ఆడవారిలో మొదలవుతుంది. ఇబ్బందే తప్ప ప్రమాదం ఉండదు. 40 ఏళ్ల తరువాత కొత్తగా మొదలైనప్పుడు మాత్రం దాని వెనుక రోగనిరోధక వ్యవస్థ దారితప్పి కీళ్లనో చర్మాన్నో దెబ్బతీసే వ్యాధి ఏదైనా ఉందేమోనని వైద్యులు చూస్తారు. మీకు అలాంటి వ్యాధి ఉందని నేను అనడం లేదు, ఉత్తరం చదివి ఎవరూ అనలేరు. కానీ ఈ వారంలోనే వైద్యుడిని కలవండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం ఉన్నా చలికి తట్టుకోలేరు. వాటినీ పరీక్షించమని అడగండి. మీరు వాడే మందులన్నీ చెప్పండి, ఎందుకంటే రక్తపోటుకూ మైగ్రేన్‌కూ ఇచ్చే కొన్ని మందులు, ముక్కుదిబ్బడకు కొనుక్కునే కొన్ని మాత్రలు ఈ బిగుసుకుపోవడాన్ని పెంచుతాయి. వేళ్లు తెల్లగా ఉన్న సమయంలో ఫోనుతో ఒక ఫొటో తీసి ఉంచండి. ఆసుపత్రి గదిలో మీ వేళ్లు మామూలుగానే కనిపిస్తాయి, వైద్యుడికి ఆ ఫొటో పది మాటల పెట్టు. అవసరమైతే రక్తనాళాలను వదులు చేసే మందులు కూడా ఉన్నాయి.

అంతవరకూ ఒక అలవాటును వెంటనే మానేయండి: మొద్దుబారిన చేతులను పొయ్యి మీద కాచుకోవద్దు. స్పర్శ లేని చర్మానికి కాలుతున్న సంగతి తెలియదు. చంకల్లో పెట్టుకోండి, లేదా చేతులను భుజాల నుంచి చక్రంలా గట్టిగా తిప్పండి, రక్తం వేళ్ల కొసలకు దిగుతుంది. ఇంట్లోకి వచ్చాక అయితే గోరువెచ్చని నీళ్లలో ముంచండి. ఆ నీటి వేడిని మొద్దుబారిన చేతితో కాకుండా మోచేతితో చూసుకోవాలి. చర్మం మైనంలా, చెక్కలా గట్టిపడి, వెచ్చబెట్టినా అరగంటలో రంగూ స్పర్శా తిరిగి రాకపోతే అది గడ్డకట్టిన గాయం కావచ్చు. దాన్ని రుద్దకూడదు, ఇంటి వైద్యం చేయకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక బట్టల సంగతి. మీరు తక్కువ వేసుకోవడం లేదు, చెప్పాలంటే ఎక్కువే వేసుకుంటున్నారు. మీకు చలి పుట్టిస్తున్నది మీ చెమటే. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. లద్దె ఎత్తేటప్పుడు కోటుతో సహా పనిచేసి చెమటలు కక్కుతారు. ఆ చెమటను నూలు బనియన్ పీల్చుకుని ఒంటికి అంటుకుని ఉంటుంది. తరువాత కదలకుండా నిలబడే పనికి వచ్చేసరికి తడిగుడ్డ చుట్టుకుని చలిగాలిలో నిలుచున్నట్టే. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయటపడిన చర్మానికి అది సుమారు మైనస్ 20 తో సమానం. లోపల తడి, బయట గాలి చేరినప్పుడు శరీరం గుండె, ఊపిరితిత్తులున్న మధ్యభాగాన్ని కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ రక్తం తగ్గించేస్తుంది. మీ వేళ్లు చల్లబడటానికి మూలం చాలావరకు మీ వీపు మీద ఉందని అందుకే అంటున్నాను.

కాబట్టి ఒంటికి తగిలే పొర నుంచి నూలును తీసేయండి. సన్నని ఉన్నితో నేసిన లోచొక్కా అయితే తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా వెచ్చగానే ఉంటుంది. అది గుచ్చుకుంటుందనుకుంటే చెమటను బయటికి పంపే పాలిస్టర్ లోచొక్కా సరిపోతుంది. దాని మీద ఒక ఉన్ని స్వెటర్ గానీ ఫ్లీస్ (నూగుతో మెత్తగా ఉండే కృత్రిమ గుడ్డ) గానీ, అన్నిటికీ పైన గాలి చొరబడని, నున్నటి గుడ్డతో కుట్టిన కోటు. నున్నటి గుడ్డ ఎందుకంటే ఫ్లీస్ మీద ఎండుగడ్డి పరకలూ గుర్రపు వెంట్రుకలూ ఎలా అల్లుకుంటాయో ఒక్కరోజు వేసుకుంటే తెలుస్తుంది. అడుగు వేస్తే బరబరమని చప్పుడు చేసే కోటు మాత్రం వద్దు, బెదిరే గుర్రం దగ్గర అసలు వద్దు. లోచొక్కా మీద వేసుకునే చేతుల్లేని ఉన్ని కోటు ఒకటి చేర్చితే, ఎంత ఖరీదైన చేతితొడుగుల కంటే కూడా అది మీ వేళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది. మెడకు మఫ్లర్ చుట్టుకుంటున్నట్టయితే దాని కొసలు వేలాడకుండా చూసుకోండి. గొట్టంలా తలమీంచి వేసుకునే మెడ తొడుగు మేలు. కోటుకున్న టోపీని తలమీదికి లాక్కుంటే పక్కనుంచి వచ్చే గుర్రం కనబడదు, వినబడదు. చెవులు మూసే అల్లిక టోపీ చాలు. ఒంటి వేడి అంతా తల నుంచే పోతుందనే మాట మీరు వినే ఉంటారు. అది నిజం కాదు, తల శరీరంలో ఎంత భాగమో పోయే వేడీ దాదాపు అంత భాగమే. అయినా చెవులు తొందరగా గడ్డకడతాయి కాబట్టి టోపీ మానకండి.

కాళ్ల విషయంలో మీరు చేస్తున్నది తిరగబడిన జాగ్రత్త. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు దూర్చితే లోపల గాలి నిలిచే చోటు పోతుంది, రక్తం కూడా సరిగా ఆడదు. ఒక్క జత మందపాటి ఉన్ని మేజోళ్లు, అవి వేసుకున్నాక కూడా వేళ్లు కదిలేంత వదులైన, ఒక సైజు పెద్ద బూట్లు, లోపల నొక్కిన ఉన్నితో చేసిన అడుగుపట్టీ పెట్టుకోండి. చలి పాదానికి ఎక్కువగా నేలనుంచే ఎక్కుతుంది. సిమెంటు గచ్చు మీద నిలబడి చేసే పని ఎక్కడ ఉంటే అక్కడ ఒక రబ్బరు చాప పరవండి. రబ్బరు బూటులో పాదాల చెమట బయటికి పోదు కనుక ప్రతి రాత్రీ అడుగుపట్టీలు తీసి ఆరబెట్టాలి. గుర్రం తొక్కుతుందని ఇనుప ముక్కున్న బూట్లు కొనాలనిపిస్తే, ఆ ఇనుము చలిని వేళ్లకు అందిస్తుందని గుర్తుంచుకోండి. లోహం కాని గట్టి ముక్కున్నవి దొరుకుతాయి.

చేతులకు ఒకే జత తొడుగులతో అన్ని పనులూ కావు. ఐదు వేళ్లూ విడివిడిగా ఉండే సన్నటి తొడుగు లోపల, దాని పైన నాలుగు వేళ్లూ కలిసి ఒకే అరలో ఉండే మందపాటి తొడుగు వేసుకోండి. వేళ్లు ఒకదానికొకటి వేడిని ఇచ్చుకుంటాయి. బకిల్ విప్పాల్సి వచ్చినప్పుడు పైదాన్ని తీసి, సన్నటిదాన్ని ఉంచుకుని చేస్తే చాలు. వట్టి చేత్తో గొళ్లేన్నీ కొళాయినీ ముట్టుకోకూడదు, గడ్డకట్టే చలిలో లోహం వేడిని క్షణాల్లో లాగేస్తుంది. నీళ్ల పనికి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు విడిగా పెట్టుకోండి. తడిసిన తొడుగుతో ఏ పనీ కొనసాగించవద్దు. మరో పొడి జత కోటు లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. ఇనుపపొడి గాలి తగిలి వేడెక్కే చిన్న సంచులను వాడవచ్చు, కానీ అవి చర్మానికి నేరుగా తగలకూడదు. వాటిని అరచేతిలో కంటే మణికట్టు లోపలివైపు, సన్నటి తొడుగు మీద పెట్టుకోవడం నయం.

అయితే బట్టలన్నీ మార్చినా పని క్రమం మార్చకపోతే సగం ఫలితమే దక్కుతుంది. ఇప్పుడు మీరు ముందు చెమట పట్టే పని, తరువాత తడిసే పని, చివరికి కదలకుండా వేళ్లతో చేసే పని చేస్తున్నారు. చలికి ఇంతకంటే అనుకూలమైన వరుస ఉండదు. దీన్ని తిప్పేయండి. ఖాళీ కడుపుతో కాకుండా వేడిగా ఏదైనా తిని బయలుదేరండి. వెళ్లగానే ఎండుగడ్డి వేయండి, తొట్టి మీద పేరుకున్న మంచుగడ్డను కర్రతో పగులగొట్టి తీసేయండి, ఈ కదలికకు ఒళ్లు కొంచెం వేడెక్కుతుంది. చేతుల్లో ఇంటి వెచ్చదనం ఇంకా ఉండగానే డెక్కలు, బకిళ్లు చూసేయండి. ఆ తరువాత కోటు తీసి పొడిగా ఉండే చోట తగిలించి, లద్దె ఎత్తండి. మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, అలా అనిపిస్తేనే చెమట పట్టదు. పని ఆపగానే, ఒళ్లు చల్లబడకముందే కోటు వేసుకోండి. నీళ్లు చివరికి, అవి అయిన వెంటనే ఇంట్లోకి వచ్చేసేలా పెట్టుకోండి. రోజూ రెండు గుర్రాలకూ ఒళ్లంతా రుద్దడం శీతాకాలంలో అవసరం లేదు. వాటి రోమాల మీద ఉండే సహజమైన జిడ్డు తడిని లోపలికి పోనివ్వదు. డెక్కలు రోజూ, మిగిలినది మీకు సెలవున్న రోజు మధ్యాహ్నం ఎండలో చేస్తే గుర్రాలకు లోటేమీ ఉండదు. మిమ్మల్ని ఎక్కువసేపు కదలకుండా నిలబెడుతున్నది ఆ ఒక్క పనే.

పగ్గం సంగతి మీరు ఉత్తరం మధ్యలో రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు, నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో భయం వేసినది అక్కడే. పగ్గాన్ని చేతికీ మణికట్టుకూ ఎన్నడూ చుట్టుకోకూడదు. అలా చుట్టుకున్నవారు వేళ్లు, కొన్నిసార్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలిన పగ్గాన్ని మడతలుగా వేసి, ఆ మడతలను మధ్యలో పట్టుకోవాలి, గుర్రం లాగితే అవి చేతి నుంచి జారిపోవాలి. చేతికి పట్టు చిక్కే లావుపాటి పగ్గం, అరచేయి గరుకుగా ఉండే తొడుగులు వాడండి. ఒక్క లాగుతో ఊడిపోయే ముడిని పగటిపూట తొడుగులతోనే వేసి విప్పడం అలవాటు చేసుకోండి. వేళ్లకు పగ్గం తగులుతున్నట్టు తెలియకపోతే ఆ సమయంలో గుర్రాన్ని బయటికి తీయవద్దు, మీ ఆఫీసుకు ఎంత ఆలస్యమైనా సరే.

గుర్రాల చలి గురించి మీరు పడుతున్న బెంగలో సగం అక్కరలేనిది. మీ చలిని కొలబద్దగా పెట్టుకుని వాటి చలిని కొలుస్తున్నారు. శీతాకాలపు బొచ్చు నిండుగా పెరిగి, పొడిగా, గాలికి చాటుగా ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రానికి మైనస్ 7, 8 డిగ్రీల దాకా చలి కాచుకోవడానికి అదనపు శక్తి అక్కరలేదని సాధారణంగా లెక్క వేస్తారు. అంతకు దిగితే మొదట కావలసింది దుప్పటి కాదు, ఎండుగడ్డి. పీచు గుర్రం పెద్దపేగులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. దాణాతో అంత వేడి రాదు. 500 కిలోల గుర్రానికి మామూలుగా రోజుకు 10 కిలోల దాకా ఎండుగడ్డి పడుతుంది, గట్టి చలిలో ఇంకొంచెం పెంచాలి. చలికి రోమాలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని నిలుపుకుంటాయి; మీ దుప్పట్లు ఆ రోమాలను అణిచేసి, లోపల చెమట పట్టించి, తడిపి, వాటిని మరింత చలికి గురిచేస్తున్నాయి. మగగుర్రానికి బొచ్చు కత్తిరించకపోతే దుప్పటి మానేయవచ్చు, కానీ ఇన్నాళ్లు కప్పుకున్నది కాబట్టి ఒకేసారి కాకుండా, చలి కాస్త తగ్గిన రోజుల్లో మొదలుపెట్టి మానిపించండి. ముసలి ఆడగుర్రం సంగతి వేరు. దాని పక్కటెముకల మీద చేత్తో నొక్కి చూడండి. చలికాలపు బొచ్చు కింద బక్కతనం కంటికి కనబడదు. ఎముకలు పదునుగా తగిలితే పశువైద్యుడితో పళ్లు చూపించండి. 24 ఏళ్లకు పళ్లు అరిగి ఎండుగడ్డి నమలలేకపోవడం మామూలే, అప్పుడు నానబెట్టిన మేత పెట్టాలి. దానికి తడి చొరబడని ఒక్క దుప్పటి చాలు, వానా గాలీ కలిసిన రోజుల్లో కప్పి, రోజుకోసారి తీసి కింద చేయి పెట్టి చూడాలి. అది వణుకుతున్నా, చర్మం దాకా తడిసినా వెంటనే పట్టించుకోవాలి. నాలుగు దుప్పట్ల బకిళ్లకు బదులు ఒక్క దుప్పటి బకిళ్లే మిగిలితే మీ వేళ్లకూ అది విశ్రాంతే.

కిటికీలు తెరవండి. మూసిన లాయంలో మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా, గడ్డి దుమ్ము గుర్రాల ఊపిరితిత్తులను చెడగొడతాయి. గాలి నేరుగా ఒంటికి కొట్టకుండా పైన ఆడితే చాలు. మీ కోసం కూడా లాయంలో నిప్పుకుంపటి గానీ కిరోసిన్ స్టవ్ గానీ పెట్టుకోవద్దు, చుట్టూ ఎండుగడ్డి ఉంది, పైగా ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఆడగుర్రం నీళ్లు తగ్గించడాన్ని మాత్రం చిన్నగా చూడకండి. పెద్ద గుర్రానికి రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీళ్లు కావాలి. ఎండుగడ్డి తింటూ మంచుగడ్డలాంటి నీళ్లను తాగడం తగ్గిస్తే పేగులో మేత గట్టిపడి అడ్డుపడుతుంది, ఆ కడుపునొప్పి గుర్రాలకు ప్రాణాంతకం. మూత ఉన్న డబ్బాల్లో ఇంటి నుంచి గోరువెచ్చని నీళ్లు తీసుకువెళ్లి పోయండి. మూత ఉంటే మీ మీద ఒలకదు కూడా. నాకేందుకు ఉప్పుగడ్డ పెట్టండి. తొట్టిని వేడిచేసే పరికరం పెట్టిస్తే నీళ్ల మోత తగ్గుతుంది, కానీ దాన్ని ఎలక్ట్రీషియన్ చేతనే, విద్యుత్తు లీకైతే తనంతట ఆగిపోయే స్విచ్చుతో సహా బిగించాలి. రోజూ లద్దె ఎత్తేది మీరే కాబట్టి అది తగ్గినా, గట్టిపడినా ముందు మీకే తెలుస్తుంది. తగ్గిన రోజున గుర్రం కాలితో నేల గీరుతున్నా, తన పొట్టవైపు తిరిగి తిరిగి చూస్తున్నా పశువైద్యుడికి ఫోన్ చేయండి.

ఇప్పుడు మామగారి మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఏళ్ల తరబడి చలిలో పనిచేసిన చేతులు కొంతవరకు దానికి అలవాటు పడతాయి, పైగా మగవారి కంటే ఆడవారి చేతులూ కాళ్లూ తొందరగా చల్లబడటం సర్వసాధారణం. ఆయన అనుభవం ఆయన చేతుల గురించి నిజం. మీ చేతుల గురించి అది ఏమీ చెప్పదు. సుకుమారులైతే ఒక శీతాకాలమంతా స్పర్శ లేని వేళ్లతో ఈ పని చేసి ఉండరు. ఆయనతో చలి గురించి వాదించే బదులు వేళ్ల ఫొటో చూపించి, పగ్గం సంగతి చెప్పండి. గుర్రం చేయి జారి రోడ్డెక్కితే ఏమవుతుందో మీకంటే ఆయనకే బాగా తెలుసు. తొడుగులు అప్పుడు నాజూకు వ్యవహారంగా కనిపించవు. అంతకుముందు, ఈ రాత్రే, మీ భర్తకు చెప్పండి. ఇంటిల్లిపాదికీ తెలియని ప్రమాదానికి ఇంటిల్లిపాదీ పరిష్కారం వెతకలేరు.

తరువాత ఏమిటన్నదానికి కొన్ని దారులున్నాయి. పైన చెప్పిన మార్పులతో మొత్తం పని మీరే కొనసాగించడం మొదటిది. ఇంట్లో ఎవరినీ కదిలించనక్కరలేదు, కొత్త బట్టలకూ బూట్లకూ కొంత ఖర్చవుతుంది, కొన్ని వారాల్లో ఫలితం తెలిసిపోతుంది. అయితే ఇది మీ చేతులు సహకరిస్తేనే నిలబడే దారి, పైగా మీకు జ్వరం వచ్చిన రోజున గుర్రాలకు దిక్కు ఉండదు.

పని పంచుకోవడం రెండోది, నా మొగ్గు దీనివైపే. నీళ్లు మోయడం, సాయంత్రం పని మీ భర్త తీసుకుంటే మీ చేతులు తడిసే పని తప్పుతుంది. అందుకు ఆయన ఉద్యోగ వేళలను సర్దుకోవలసి వస్తుంది, మొదట్లో విసుగూ ఉంటుంది. మామగారికి కూర్చుని చేసే పనులు చాలా ఉన్నాయి: మధ్యాహ్నం వలసంచుల్లో ఎండుగడ్డి నింపి ఉంచడం, పగ్గాలూ తోలు సామానూ చూసుకోవడం, మీతో ఫోనులో మాట్లాడుతూ గుర్రం నడకను గమనించి చెప్పడం. ఆయన లాయం వ్యవహారంలోకి తిరిగి వస్తే మీ పని తీరుకు వంకలు పెట్టడం కూడా పెరుగుతుంది, అది మీరు భరించవలసి ఉంటుంది. కానీ ఆపరేషన్ తరువాత ఇంట్లో కూర్చోబెట్టిన మనిషి వంకలు పెట్టడానికి మరో కారణమూ ఉండవచ్చు.

మూడోది, గుర్రాలను రాత్రీపగలూ కంచె వేసిన ఖాళీ స్థలంలో వదిలి, మూడు వైపులా గోడలున్న షెడ్డు ఒకటి ఏర్పాటు చేయడం. లద్దె ఎత్తే పని బాగా తగ్గుతుంది, గుర్రాల ఊపిరికీ కాళ్లకూ మంచిది. ముసలిదాన్ని మాత్రం ఎక్కువ గమనించాలి. నేల మంచుగడ్డ కట్టిన రోజుల్లో నడిచే దారిలో ఇసుక చల్లాలి. షెడ్డు కట్టే ఖర్చు ఉంది. దీన్ని మొదలుపెట్టవలసింది నడి చలికాలంలో కాదు, వచ్చే శీతాకాలానికి ముందు.

జీతానికి మనిషిని పెట్టుకోవడం, లేదా ఈ మూడు నెలలు గుర్రాలను డబ్బు తీసుకుని చూసుకునే లాయంలో ఉంచడం నాలుగోది. స్తోమత ఉంటే ఇందులో తప్పేమీ లేదు. మనిషిని పెట్టుకుంటే అతనికీ ఇదే చలి కాబట్టి, మీకు చెప్పిన తొడుగులూ బూట్లూ అతనికీ ఇవ్వాలి.

అమ్మడం గురించి అడిగారు. 24 ఏళ్ల గుర్రాన్ని కొనేవారు అరుదు. కొన్నా ఎందుకు కొంటున్నారో ఆరా తీయవలసి ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో అమ్మకం అంటే చిన్నదాన్ని అమ్మి ముసలిదాన్ని ఒంటరిగా ఉంచుకోవడమే అవుతుంది. గుర్రాలు మందలో బతికే జంతువులు. తోడు పోయిన ముసలి గుర్రం మేత మానేసి కుంగిపోవచ్చు. పని సగం తగ్గుతుందనుకున్నది తగ్గదు, రోజుకు రెండుసార్లు చలిలోకి వెళ్లడం అలాగే ఉంటుంది, మామగారి బాధ మాత్రం అదనంగా చేరుతుంది. మీ ఆరోగ్యం వల్ల తప్పనిసరి అయితే రెండింటినీ కలిపి తెలిసినవారి దగ్గరికి పంపే ఏర్పాటు వెతకండి, ఆ వెతుకులాటను మామగారికే అప్పగించండి.

వైద్య పరీక్షల్లో ఏదైనా జబ్బు తేలితే మొదటి దారి ఎలాగూ మూసుకుపోతుంది, మిగిలిన దారులన్నిటికీ ఇంకొకరి సమ్మతి కావాలి. అందుకని రిపోర్టులు వచ్చాక మాట్లాడుదామని ఆగకుండా, ఇంట్లో వారితో మాటలు ముందే మొదలుపెట్టండి.